చెరుకు పిప్పీ, ఇలా రావే

అనగా అనగా, చుట్టూ చెరుకు తోటలూ, మధ్యలో నాలుగే నాలుగు వీధులూ ఉన్న ఊరొకటి ఉండేదమ్మలూ. దాని పేరు గానుగులపాలెం. మాఘమాసం వచ్చిందంటే ఆ ఊళ్ళో గాలి కూడా తియ్యగా ఉండేదట. ఇంటింటా బెల్లం వండేవాళ్ళే మరి! దుప్పటి కాళ్ళదాకా లాక్కో, చెబుతాను.

ఆ ఊళ్ళో అచ్చియ్యమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడ మొగుడు గౌరునాయుడు. ఇద్దరూ నెమ్మదైనవాళ్ళు. కష్టపడి పనిచేసేవాళ్ళు. కానీ ఏం లాభం, ఆ ఇంట్లో పిల్లలు నిలవలేదు.

మొదట ఒక పిల్లాడు పుట్టాడు. వెంకటరత్నం అని పేరు పెట్టుకున్నారు. పురుడు తీరకుండానే పోయాడు. ఆ తర్వాత ఒక ఆడపిల్ల. ముత్యాలమ్మ. మూడు నెలలుండి పోయింది. ఆ తర్వాత ఇంకో పిల్లాడు. వాడికి వజ్రంనాయుడు అని పేరు. బోర్లా పడడం నేర్చుకున్న వారానికే వాడూ పోయాడు. రత్నమూ ముత్యమూ వజ్రమూ, మూడూ పోయాయమ్మా. అచ్చియ్యమ్మ ఉయ్యాల తాళ్ళు విప్పి అటక మీద పడేసింది.

మళ్ళీ ఆవిడకి నెలలు నిండాయి. అప్పుడు మంత్రసాని ఎర్రయ్యమ్మ వచ్చింది. మంత్రసాని అంటే పురుడు పోసే ఆవిడలే. ఊళ్ళో సగం మంది ఆవిడ చేతుల్లోకి పుట్టినవాళ్ళే. అందుకని ఆవిడ ఎవరినైనా తిట్టొచ్చు.

"ఏటే అచ్చీ, రత్నాలనీ ముత్యాలనీ నువ్వు పిలుస్తావుంటే, ఆ సావు గుమ్మం బయట నిలబడి ఇనదా? ఇంత మంచి సరుకు ఉన్నాదని దానికి నువ్వే సెప్తన్నావు. ఈసారి పుట్టీదాన్ని పారేసి ఎత్తుకుందాం," అంది.

పారేసి ఎత్తుకోవడం అంటే ఏమిటనుకున్నావు? పిల్లలు నిలవనివాళ్ళు అప్పట్లో అలా చేసేవారు. పుట్టిన బిడ్డని చేటలో పడుకోబెట్టి, పేడా కసువూ పోసే పెంటకుప్ప ఉంటుందే, దాని మీద పెట్టి వచ్చేసేవారు. ఇది ఎవరికీ అక్కర్లేని చెత్తన్నమాట! అప్పుడు చావు చూసి, ఛీ, దీన్ని నేనేం చేసుకుంటాను అని వెళ్ళిపోతుందని వాళ్ళ నమ్మకం.

సరే, ఆడపిల్ల పుట్టింది. బొద్దుగా, నల్లగా, గట్టిగా ఏడుస్తూ పుట్టింది. అచ్చియ్యమ్మ ఆ పసిగుడ్డుని పాత చేటలో పెట్టుకుని, పచ్చి ఒంటితోనే పెంటకుప్ప దగ్గరికి నడిచింది. పిల్లని అక్కడ పెట్టింది. వెనక్కి తిరిగి ఏడడుగులు వేసింది. వెనక పిల్ల కేర్ మంటోంది. వెనక్కి చూడకూడదు మరి! ఆ ఏడడుగులూ ఎలా వేసిందో ఆ తల్లికే తెలియాలి.

అప్పుడు ఎర్రయ్యమ్మ ఏమీ తెలియనట్టు అటుగా వచ్చి, చేట ఎత్తుకుని, గుమ్మం ముందు నిలబడింది.

"ఓలమ్మా, పెంట మీద ఏదో దొరికినాది. నీకు గానీ కావాలేటి?" అని అరిచింది.

"ఆ చెత్త మాకెందుకూ! సరే తెచ్చావు కదా, ఆ మూల పడేసి పో," అంది అచ్చియ్యమ్మ. అంది గానీ, ఎర్రయ్యమ్మ చేట దించేలోపే రెండు చేతులూ చాపి అందుకుంది.

ఆ పిల్లకి పెంటమ్మ అని పేరు పెట్టారు. ఎర్రయ్యమ్మ వెళ్తూ వెళ్తూ ఒక మాట గట్టిగా చెప్పింది. "ఈ గుంటకి పెళ్ళయ్యీదాకా దీన్ని ఒక్క మంచి మాట అన్నావంటే నీ ఇష్టం. బంగారమూ గింగారమూ అన్నావో, మరి నన్నడక్కు." అచ్చియ్యమ్మ ఆ మాట కొంగున ముడేసుకుంది.

అయితే అమ్మలూ, పిల్ల ఎదురుగా బోసినవ్వు నవ్వుతుంటే తల్లి నోరు ఊరుకుంటుందా? ఊరుకోదు. ముద్దు చేయాలి. మంచి మాట అనకూడదు. అందుకని అచ్చియ్యమ్మ ఊళ్ళో పారేసేవాటి పేర్లన్నీ ఏరుకొచ్చింది. "నా చెరుకు పిప్పీ, ఇలా రావే" అనేది. గానుగలో రసం పిండేశాక మిగిలేది కదూ, ఆ పిప్పి. నీళ్ళు పోసేటప్పుడు "నా బెల్లం మడ్డీ" అనేది. అన్నం పెట్టేటప్పుడు "నా తాలు గింజా, నా ఊకపొట్టూ, నోరు తెరు" అనేది. జో కొట్టేటప్పుడయితే "నా పీడా, నా దరిద్రమా, నా దండగమారి గుంటా, బజ్జోవే" అని పాడేది.

నవ్వకు మరి! ఆ మాటలు అనేటప్పుడు ఆవిడ గొంతు ఎంత మెత్తగా ఉండేదో తెలుసా? పాకంలా సాగేది. బుగ్గ నిమిరేది. నుదుటి మీద జుట్టు వెనక్కి తోసేది. ఇంక ఆ పసిదానికి ఏం తెలుస్తుంది? ప్రపంచంలో పీడ కన్నా తియ్యని మాట లేదనుకుంది.

అలా పెంటమ్మకి ఏడేళ్ళు వచ్చాయి. చావు అటువైపు తొంగిచూడలేదు. అచ్చియ్యమ్మ ప్రతి ఉదయం లేచి, పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుని, అప్పుడు వెళ్ళి పొయ్యి వెలిగించేది.

ఇంక పిల్ల వీధిలోకి వెళ్ళడం మొదలుపెట్టింది. తనకి తెలిసిన ముద్దు మాటలు ఊరంతా పంచడం మొదలుపెట్టింది! ఒకరోజు పక్కింట్లో ఆవు ఈనింది. పెంటమ్మ ఆ దూడ మెడ కావలించుకుని, "నా తాలు గింజా, నా చింకి పేలికా" అని ముద్దులాడింది. పక్కింటివాళ్ళు పడీపడీ నవ్వారు.

ఆ తర్వాత బడికి వెళ్ళింది. పంతులుగారు ఓపిగ్గా చెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దించారు. పిల్లకి ఆయన మీద బోలెడు ప్రేమ పుట్టుకొచ్చింది. మర్నాడు ఒక బెల్లం ముక్క తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టి, "పంతులుగోరూ, మీరు ఉత్త దండగమారి మనిషండీ," అంది. పంతులుగారి కళ్ళజోడు ముక్కు చివరికి జారింది. కానీ ఆయనకి ఆ ఇంటి సంగతి తెలుసు. బెల్లం ముక్క నోట్లో వేసుకుని, "చాలా సంతోషం తల్లీ" అన్నారు.

ఆ తర్వాత వరహాలమ్మ కనబడింది.

వరహాలమ్మ ఎవరంటే, ఊరి చివర గానుగ దగ్గర పిప్పి ఎండబోసే మనిషి. ఆవిడకి పిల్లలు కలగలేదు. కలగలేదని మొగుడు ఇంకొకర్తెని చేసుకుని, ఈవిణ్ణి బయటికి నెట్టాడు. నెట్టిన మొగుడిని ఎవరూ ఏమీ అనలేదు. ఈవిడకి మాత్రం గొడ్రాలు అని పేరు పెట్టారు. ఎదురొస్తే పని చెడుతుందన్నారు. ఆవిడ వీధిలోకి వస్తే ఆడవాళ్ళు "అదిగో గొడ్రాలు, పీడ వస్తన్నాది, తలుపెయ్యండే" అనేవారు. నాకయితే ఆ నోళ్ళు కుట్టేయాలనిపిస్తుంది.

పెంటమ్మ ఆ మాట విన్నది. ఆ పిల్ల కళ్ళు ఇంతింతయ్యాయి. వరహాలమ్మ వెనకే పరుగెత్తి, కొంగు పట్టుకుని ఆపింది.

"నన్ను మా అమ్మ ఒక్కర్తే పీడా అంటాది. నిన్నయితే ఊరు ఊరంతా అంటన్నారు! నువ్వంటే వీళ్ళకి ఎంత ఇష్టమో!" అంది.

వరహాలమ్మ పిల్ల మొహంలోకి చూసింది. వెక్కిరింపు ఎక్కడా లేదు. నిజంగానే కుళ్ళుకుంటోంది పిల్ల! అప్పుడు వరహాలమ్మ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ అక్కడే దుమ్ములో కూలబడి ఏడ్చింది. ఎందుకు ఏడుస్తోందో పిల్లకి తెలియలేదు. తెలియకపోయినా పక్కన కూర్చుని వీపు నిమిరింది. ఆ రోజు నుంచి బడి అయ్యాక రోజూ ఆ గానుగ దగ్గరికి వెళ్ళేది. వరహాలమ్మ ఆ పిల్లకి మాటల తప్పు చెప్పలేదు. చెప్పడానికి మనసొప్పలేదు.

అచ్చియ్యమ్మకి ఇదంతా తెలుస్తూనే ఉంది. లోపల భయం వేసేది. పోనీలే, ఇంకా చిన్నదే కదా అని సరిపెట్టుకునేది. అదే ఆవిడ చేసిన పొరపాటు. మాటలకి కాళ్ళుంటాయమ్మా, ఇంట్లోవి ఇంట్లో ఉండవు.

ఆ ఏడాది ఫాల్గుణంలో ఊరి పెద్దగారి కూతురు పార్వతికి పెళ్ళయింది. పందిరి నిండా జనం. పార్వతి పసుపు చీర కట్టుకుని, బుగ్గన చుక్క పెట్టుకుని పీటల మీద కూర్చుంది. పెంటమ్మ ఆవిణ్ణి అప్పా అనేది, అక్కా అన్నట్టు. చూసి మురిసిపోయింది. జనం మధ్యలోంచి దూరి వెళ్ళి, పెళ్ళికూతురి గెడ్డం పట్టుకుంది.

"అప్పా, ఎంత దరిద్రంగున్నావే! అచ్చం పీడలాగున్నావు!" అంది.

సన్నాయి ఆగిపోయింది. అప్పుడు పెళ్ళికూతురి మేనత్త సింహాద్రమ్మ లేచింది. ఆవిడ నోటికి ఊళ్ళో పంచాయితీ పెద్దలే భయపడేవారు. వచ్చి పిల్ల రెక్క పట్టుకుని, బరబరా వీధిలోకి లాక్కెళ్ళింది.

"శుభమా అని పెళ్ళి జరుగుతుంటే పీడంటావా? పెంట మీద పారేసిన గుంటవి, నీకు పెళ్ళిపందిట్లో ఏటే పని? మీ అమ్మే నిన్ను పారేసినాది. పుట్టిన పూటే పారేసినాది. నీకు తెల్దా?" అంది.

పెంటమ్మ ఏడవలేదు. తిన్నగా పంతులుగారి దగ్గరికి వెళ్ళింది. పీడ అంటే ఏమిటని అడిగింది. దరిద్రం అంటే ఏమిటని అడిగింది. పెంట మీద పారేశారంట, నిజమేనా అని అడిగింది. పంతులుగారు మూడింటికీ నేల చూస్తూ జవాబు చెప్పారు. ఆయనకి అబద్ధం చెప్పడం రాదు. పారేసి మళ్ళీ ఎత్తుకున్నారమ్మా, నీ మంచికే అని చెప్పబోయేసరికి పిల్ల అక్కడ లేదు.

మధ్యాహ్నానికి, చెరుకు తోటలో పనిలో ఉన్న అచ్చియ్యమ్మకి కబురు వచ్చింది. పెంటమ్మ ఇంటి వెనక పెంటకుప్ప మీద కూర్చుందట. లేవనంటోందట.

అచ్చియ్యమ్మ పరుగెత్తుకొచ్చింది. పిల్ల ఎండలో, ఈగల మధ్య, మోకాళ్ళ మీద గెడ్డం ఆనించుకుని కూర్చుని ఉంది. అచ్చియ్యమ్మ ఇంట్లోకి వెళ్ళి, బెల్లప్పాకం వేడిచేసి చెరుకు ఆకులో వేసుకొచ్చింది. పిల్లకి అది ప్రాణం. "రావే నా చెరుకు పిప్పీ" అని చెయ్యి చాపింది. ఆ మాట వినగానే పిల్ల మొహం పక్కకి తిప్పుకుంది. తల్లి వైపు అలా మొహం తిప్పుకోవడం అదే మొదటిసారి.

ఆ తర్వాత గౌరునాయుడు వచ్చాడు. పిల్లని భుజాన వేసుకుని ఇంట్లో దింపాడు. ఇటు తిరిగేలోగా పిల్ల మళ్ళీ వెళ్ళి అక్కడే కూర్చుంది. పాపం, ఆయన చేతులు వేలాడేసుకుని నిలబడిపోయాడు.

"పారేసిన సరుకుని పారేసిన కాడే ఉండనీండి," అంది పిల్ల. ఆ తర్వాత తల్లిని చూసింది. "అమ్మా, నాను నీకు కావాలా, వద్దా? ఒక్క మాట సెప్పు."

ఒక్క మాటే కదా అడిగింది! అచ్చియ్యమ్మ నోరు తెరిచింది. గొంతులో ఆ మాట ఉంది. ఏడేళ్ళుగా అక్కడే ఉంది. కానీ కళ్ళ ముందు ముగ్గురు పిల్లలు కనబడ్డారు. ఆవిడ అటూ ఇటూ చూసింది. గోడ మీద కాకిని చూసింది. కదిలే ఆకుని చూసింది. ఎక్కడ నిలబడి వింటోందో ఆ చావు! మాట వెనక్కి మింగేసింది. కొంగు నోట్లో కుక్కుకుని, నేల మీద చతికిలబడింది.

పిల్ల తనకి జవాబు దొరికిందనుకుంది. ఇంక తల్లి వైపు చూడలేదు.

అప్పుడు వరహాలమ్మ వచ్చింది. పందిట్లో జరిగింది ఆవిడ చెవిన పడింది. మామూలుగా అయితే ఆవిడ ఎవరి గడపా తొక్కదు. ఆ రోజు దొడ్డి తలుపు తోసుకుని లోపలికి వచ్చేసింది. అచ్చియ్యమ్మ ఎదురుగా కూర్చుంది.

"మంచి మాట అంటే సచ్చిపోతాదని భయపడతన్నావు. అనకపోతే ఏటవుతాదో నన్ను సూడు," అంది. "గొడ్రాలు, పీడ, దండగ. ఇరవయ్యేళ్ళుగా ఈ మూడు మాటలే నా సెవిన పడతన్నాయి. సావు నన్ను ముట్టుకోనేదు, నిజమే. ఎందుకు ముట్టుకుంటాది? మిగిలితే కదా! ఆ మాటలే రోజుకింత తినేసినాయి. నువ్వు తియ్యగా అన్నావు, ఆళ్ళు సేదుగా అన్నారు. కానీ ఇప్పుడు దానికి అర్థం తెలిసిపోనాది అచ్చీ. ఇంక నువ్వెంత తియ్యగా అన్నా సేదే."

అచ్చియ్యమ్మ ఆవిణ్ణి చూసింది. ఎండిపోయిన ఆ బుగ్గల్నీ, ఎవరూ దువ్వని ఆ జుట్టునీ చూసింది. ఆ తర్వాత కుప్ప మీద కూర్చున్న కూతురి మొహం చూసింది. ఏడేళ్ళ పిల్ల మొహంలో అప్పుడే ఆ ఎండుతనం కనబడింది.

అప్పుడు అచ్చియ్యమ్మ లేచింది. చీర పైకి దోపుకుని, పెంటకుప్ప ఎక్కింది. కూతుర్ని రెండు చేతులా గుండెకి అదుముకుంది. తల పైకెత్తి, ఊరంతా వినబడేలా అరిచింది.

"ఓ సావా! ఎక్కడున్నావో ఇనుకో! ఇది సెత్త కాదు! ఏడేళ్ళుగా నీకు అబద్దం సెప్పినాను. ఇది నా కూతురు. నా బంగారం. నా కళ్ళల్లో ఎలుగు. దీన్ని నాను పారేయనేదు, నీకు దొరక్కుండా దాసుకున్నాను. ఇది నాకు కావాలి. నాకు కావాలి!"

మొదటి మాట రావడమే కష్టమైంది. ఆ తర్వాత ఇంక ఆగలేదు. నా తల్లి, నా వరం, నా పాలవెల్లి, నా పండు, నా పుణ్యం. ఏడేళ్ళ ముద్దు మాటలన్నీ ఏడుపుతో కలిసి వచ్చేశాయి. పిల్ల తల్లి మెడ చుట్టూ చేతులు వేసి, అప్పుడు ఏడ్చింది. పొద్దుటి నుంచీ దాచుకున్న ఏడుపంతా ఏడ్చింది.

ఆ తర్వాత అచ్చియ్యమ్మ గబుక్కున నోరు మూసుకుంది. అన్న మాట వెనక్కి రాదు. చావు విని ఉంటుంది. ఇంక వస్తుంది. పిల్లని ఇంట్లోకి తీసుకెళ్ళి, తలుపు గడియ పెట్టి, ఒళ్ళో వేసుకుని, మీద తన ఒళ్ళంతా కప్పి కూర్చుంది. గౌరునాయుడు గుమ్మంలో కర్ర పట్టుకుని నిలబడ్డాడు. చావుని కర్రతో కొడతాడట, పిచ్చి తండ్రి! వరహాలమ్మ దొడ్డి తలుపు దగ్గర నిలబడింది.

కాకి అరిచింది. అచ్చియ్యమ్మ ఉలిక్కిపడింది. గాలి వీచి తలుపు కొట్టుకుంది. పిల్లని ఇంకా గట్టిగా పట్టుకుంది. ఆ తర్వాత పిల్ల కదలకుండా కళ్ళు మూసుకుంది. అచ్చియ్యమ్మ గబుక్కున వేలు ముక్కు దగ్గర పెట్టింది.

పిల్ల కళ్ళు తెరిచింది.

"అమ్మా, ఆకలేస్తన్నాది," అంది.

ఆ మాట వినగానే అచ్చియ్యమ్మకి నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆకలేస్తోందంటే బతికి ఉన్నట్టే కదమ్మలూ! లేచి అన్నం వండింది. దొడ్డి గుమ్మంలో ఉన్న వరహాలమ్మని చూసి, "అప్పా, అక్కడే నిలబడ్డావేటి? లోపలికి రా. పిల్లకి నీ సేత్తో కలిపి పెట్టు," అంది. వరహాలమ్మని అప్పా అని పిలిచినవాళ్ళు అంతకు ముందు ఎవరూ లేరు. ఆవిడ కాళ్ళు కడుక్కోవడానికే చాలాసేపు పట్టింది.

ఊరు మారిపోయిందా అని అడుగుతావు, నాకు తెలుసు. ఊళ్ళు ఒక్క పూటలో మారతాయా ఏమిటి? సింహాద్రమ్మ నోరు సింహాద్రమ్మదే. కానీ ఆ ఇంట్లో పెంటమ్మ వరహాలమ్మని పెద్దమ్మా అంది. వీధిలో పీడ అని ఎవరైనా అంటే, ఆ పిల్ల నడుం మీద చేతులు పెట్టుకుని, "ఎవుల్నంటన్నావు? మా పెద్దమ్మనా?" అని అడిగేది. అలా అడిగితే జవాబు చెప్పడం కష్టం కదా. ఒక్కొక్కళ్ళే మానేశారు.

పెంటమ్మ పెరిగి పెద్దదయింది. పెళ్ళయింది. నలుగురు పిల్లల్ని కన్నది. మరి అచ్చియ్యమ్మకి భయం పోయిందా అంటావా? పోలేదమ్మా. ముగ్గుర్ని పోగొట్టుకున్న తల్లికి భయం పోదు. "నా బంగారం" అన్న ప్రతిసారీ ఆవిడ ఒకసారి గుమ్మం వైపు చూసుకునేది.

అయినా అనేది. రోజూ అనేది.

ఇంక కళ్ళు మూసుకో.

కథేమో వెళ్ళింది కంచికి,
మనమేమో చేరాం మంచానికి.
బెల్లం ముక్క రేపటికి ఉట్టి మీద,
బంగారు తల్లి ఈ పూటకి నా గుండె మీద.